నలుసక్క పట్టుబట్టిన వాక్యం

ఆమెకు అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉంది. అది ఫ్యాక్టరీ హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ చిన్నా పెద్దా అందరికీ ఆమె నలుసక్క. గది ఆ చివర నిలబడ్డ మనిషి భుజం మీద నలుసుంటే ఈ చివర నుంచి కనిపెడుతుందని ఎవరో వేళాకోళానికి అంటించిన పేరు, అలాగే అతుక్కుపోయింది. ఆమెకూ నచ్చింది.

అది ఇంజెక్షన్ మందును చిన్న చిన్న గాజు సీసాల్లో నింపే ఫ్యాక్టరీ. మందు నింపే గదిని క్లీన్‌రూమ్ అంటారు. అందులోకి వెళ్ళే గాలిని కూడా వడకట్టే పంపుతారు. ఇక మనిషి సంగతి చెప్పేదేముంది! ఉలకకుండా పలకకుండా కూర్చున్నా మన ఒంటి నుంచి నిమిషానికి లక్ష దాకా నలుసులు రాలుతాయట. చర్మం పొట్టు, వెంట్రుక తునక, బట్టల నూగు, ఇలాంటివి. కంటికి ఆనవు. కానీ సీసాలో పడితే మందుతో పాటు రోగి నరంలోకి పోతాయి. అందుకని లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళూ తల నుంచి పాదాల దాకా కప్పే తెల్ల సూటు తొడుక్కోవాలి. ఆ సూట్లు తొడుక్కునే గదికి నలుసక్క పెద్ద. నేల తుడిచే పనిలో చేరి, పన్నెండేళ్ళకు ఆ పదవికి ఎక్కింది. ఫ్యాక్టరీ మేనేజరైనా సరే, ఆమె ఎగాదిగా చూసి "ఊఁ" అంటేనే లోపలి తలుపు తెరుచుకుంటుంది.

ఇంటి దగ్గర వ్యవహారం పూర్తిగా తలకిందులు. ఆమె భర్తది పిండిమర. సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా పిండే.

"ఏమండీ, గుమ్మం అవతలే ఆగండి!" అంటూ ఆమె తువ్వాలు పట్టుకుని ఎదురెళ్ళేది. ఆయన కావాలనే చేతులు బార్లా చాపి రెండడుగులు ముందుకేసేవాడు. ఆమె వెనక్కి, ఆయన ముందుకి, వీధిలో వాళ్ళకి రోజూ వినోదం. అరుగు మీద కూర్చున్న అత్తగారు మాత్రం వచ్చేపోయే వాళ్ళతో, "దుమ్ము పోసుకునేవాడినీ దుమ్ము దులిపేదాన్నీ కలిపింది నేనే. ఎలా ఉంది జోడీ?" అని గర్వంగా అడిగేది.

నలభై ఆరో ఏట నలుసక్క కుడి మోకాలు మొరాయించింది. కథంతా ఆ మోకాలితోనే మొదలు.

సూటు ఎలా తొడుక్కోవాలో చెప్పే కాగితం ఒకటి ఆ గది గోడ మీద ఉండేది. ముందు కుడి కాలు, తర్వాత ఎడమ కాలు, ఆ తర్వాత చేతులు. సూటు ఏ కొసా నేలకు తగలకూడదు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ గదిలో కూర్చోవడానికి ఏమీ లేదు. సూటు మొత్తం గుప్పిట్లో పోగుచేసుకుని, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు దూర్చాలి. అంతమందిలో ఆ పని తొణక్కుండా చేయగలిగింది ఒక్కడే, సీసాలకు మూతలు బిగించే మిషను మెకానిక్. ఆరడుగుల పైన రెండంగుళాల మనిషి. అతణ్ణి అందరూ కొంగ అనేవారు. మిగిలినవాళ్ళంతా గెంతేవాళ్ళు, తూలేవాళ్ళు, భుజం తీసుకెళ్ళి గోడకి ఆనించేవాళ్ళు. ఈలోగా సూటు చెయ్యి జారి నేల ఊడ్చేది. నలుసక్క వాళ్ళని ఏళ్ళ తరబడి చెడామడా తిట్టింది. "తిన్నగా నిలబడలేవూ? ఆ కొంగని చూసి నేర్చుకో!"

ఆ రోజు ఆమె మోకాలు కలుక్కుమంది. తూలి గోడకి కొట్టుకుంది. సూటు రెండు చేతులూ నేల మీద పరుచుకున్నాయి. అందరూ చూస్తున్నారు, ఒక్కళ్ళూ నవ్వలేదు. నవ్వింది ఆమే.

"ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఆడిపోసుకున్నాన్రా! తప్పు మీ కాళ్ళది కాదు, ఆ గోడ మీది కాగితానిది," అంది.

స్టోరులో మూలపడున్న స్టీలు బల్ల ఒకటి గుర్తొచ్చి తెప్పించింది. మూడుసార్లు కడిగించి, క్రిములు చంపే మందునీళ్ళతో తుడిపించి గదిలో వేయించింది. అంతటితో ఊరుకుంటే ఆమె నలుసక్క ఎందుకవుతుంది? గాల్లో నలుసులు లెక్కపెట్టే మిషను ఒకటుంటుంది. దాని మీద పనిచేసే పెద్దాయన్ని బతిమాలి మూడు వారాల పాటు షిఫ్టు మారేటప్పుడల్లా దాన్ని తన గదిలో పెట్టించింది. ఒకరోజు అందరూ నిలబడి తొడుక్కోవాలి, ఒకరోజు అందరూ కూర్చుని తొడుక్కోవాలి. ఒక్కొక్కరికీ మిషను చూపించిన అంకె రూళ్ళ పుస్తకంలో రాసుకుంది. మొత్తం రెండువందల పద్నాలుగు సార్లు. కూర్చుని తొడుక్కున్న రోజుల్లో గాల్లో లేచిన నలుసులు మూడో వంతు కూడా లేవు. కొంగ ఒక్కడికే రెండు అంకెలూ ఇంచుమించు సమానం. దానికతను వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు.

ఆ పుస్తకం ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం చూసే మేడమ్ కంటపడింది. చేతులు కట్టుకుని తప్ప మాట్లాడని మనిషి, నవ్వితే వింత. ఆవిడ నాలుగు పేజీలు తిప్పి, చేతులు విప్పేసి, అక్కడే బల్ల మీద కూర్చుంది.

"అక్కా, ఇది నేను తీసుకెళతాను. మన గోడ మీది కాగితం మనం రాసింది కాదు. అది పైనుంచి వచ్చిన ప్రమాణం, అదే స్టాండర్డు, దాంట్లోది. ఇప్పుడు ఆ ప్రమాణాన్నే తిరగరాస్తున్నారు."

"ఎవరు?"

"అన్ని దేశాల వాళ్ళూ కలిసి."

"అన్ని దేశాల వాళ్ళల్లో ఒక్కరికీ మోకాళ్ళు లేవా మేడమ్?"

అప్పుడే మొదటిసారి ఆవిడ నవ్వడం నలుసక్క చూసింది.

ఆ వ్యవహారం ఎలా నడుస్తుందో మేడమ్ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. క్లీన్‌రూమ్ ఎలా ఉండాలో ఒక్కో దేశం ఒక్కో రకంగా చెబితే, ఇక్కడ నింపిన మందు అక్కడ చెల్లదు. అందుకని ఒక అంతర్జాతీయ కమిటీ ఉంది. దాంట్లో చిన్న బృందమొకటి ముందు చిత్తుప్రతి రాస్తుంది. అది ప్రతి దేశానికీ పోతుంది. ప్రతి దేశంలోనూ మళ్ళీ ఒక కమిటీ కూర్చుని, ఏ పేరాలో ఏ వరుస బాగాలేదో, ఎందుకు బాగాలేదో, దాని బదులు ఏం రాయాలో పట్టికలో నింపి పంపుతుంది. ఊరికే బాగాలేదంటే కుదరదు, దాని స్థానంలో పెట్టాల్సిన మాట కూడా మనమే ఇవ్వాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ బృందం జవాబు చెప్పి తీరాలి. తర్వాత ఓట్లు, మళ్ళీ సవరణలు, మళ్ళీ ఓట్లు. మూడేళ్ళ పని. మన దేశం కమిటీలో మేడమ్ ఒక సభ్యురాలు.

నలుసక్క చెప్పింది, మేడమ్ రాసింది: "సూటు తొడుక్కునే చోట కూర్చోవడానికి బల్ల ఉండాలి." పక్కన ఆ రెండువందల పద్నాలుగు లెక్కలూ జతచేశారు.

నాలుగు నెలలకి జవాబొచ్చింది. "అంగీకరించలేదు. ఫలితం ఏమిటో ప్రమాణం చెప్పాలి గానీ, గదిలో సామాన్ల జాబితా ఇవ్వకూడదు."

"సామాన్లా!" నలుసక్కకి ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి గిన్నెలన్నీ రెండోసారి తోమింది. తోముతున్నంతసేపూ గొణుగుడే.

"ఏమైందే?" అంది అత్తగారు.

"బల్ల వద్దన్నారత్తయ్యా. సామానట!"

"బల్ల సామాను కాకపోతే మరేంటి? దాన్ని చూసి నువ్వు కూర్చోవడం నేర్చుకున్నావు గానీ, నాకు మంచం పట్టె చాలు, గడప చాలు. కాళ్ళకి కావాల్సింది ఆసరా. బల్లే అవ్వాలని రాసుందా?"

నలుసక్క ఇంకో గిన్నె అందుకుంది. అప్పటికి ఆ మాట పూర్తిగా మింగుడుపడలేదు. ఒప్పుకోవడానికి మనసూ రాలేదు.

ఆ ఏడాది బృందం సమావేశం నలుసక్క వాళ్ళ ఊళ్ళోనే జరగబోతోందని కబురొచ్చింది. మేడమ్ ఆ అభ్యంతరాన్నే మళ్ళీ పంపి, పట్టుబట్టి నలుసక్క పేరు ఇచ్చింది. మెడలో వేసుకునే కార్డు ముందే పంపించారు. దాని మీద "నిపుణురాలు" అని ఉంది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివి, కార్డుని దేవుడి పటంలా చూస్తూ వీధంతా తిప్పింది.

"అక్కడ మాట్లాడాలంటే నాకు నోరు పెగలదండీ," అంది నలుసక్క భర్తతో. "నేల తుడిచే పనిలో చేరినదాన్ని. వాళ్ళంతా చదువుకున్నవాళ్ళు."

ఆయన చేతులు కడుక్కుంటూ ఆలోచించాడు. "మాట్లాడకు, చూపించు. సూటు ఎక్కడెక్కడ నేలకి తగిలిందో వాళ్ళకి కనపడితే చాలు కదా? పొడి ఎక్కడ అంటుతుందో నన్నడుగు, ముప్పై ఏళ్ళ అనుభవం! తెల్ల సూటుకి తెల్లపిండి కుదరదు. నీలం సుద్ద పొడి చేసిపెడతాను. మెత్తగా, జల్లెడ పట్టి."

చెప్పినట్టే మరునాడు డబ్బా నిండా పొడి తెచ్చిచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు ఆయన కనురెప్పలు నీలంగా ఉన్నాయి.

సమావేశం ఒక పాత కార్యాలయం మూడో అంతస్తులో. పొడవాటి బల్ల చుట్టూ పద్నాలుగు దేశాల నుంచి ముప్పైమంది. గోడ మీద తెర, తెర మీద పట్టిక. మొత్తం మూడువందల పన్నెండు అభ్యంతరాలు; వీళ్ళది నూట ఎనభై ఏడోది. మేడమ్ నలుసక్క పక్కన కూర్చుని ఆమె చెవిలో తర్జుమా చేస్తోంది. మొదటి రోజు ఉదయం ఒక "లేదా" మీద నలభై నిమిషాలు వాదించుకున్నారు. "లేదా" ఉంటే చేతి తొడుగులో కళ్ళద్దాలో ఏదో ఒకటి చాలు, "మరియు" ఉంటే రెండూ కావాలి. నలుసక్కకి మొదట నవ్వొచ్చింది. కాసేపటికి ఆ వాదన రుచి తెలిసింది. ఇంకాసేపటికి తనూ ముందుకి వంగి కూర్చుని, "మరియు, మరియు," అని గొణుగుతోంది.

ఇంకో సంగతి కూడా పట్టుకుంది. ఈ లోకంలో క్రియాపదానికి ఉన్న బలం ఇంతా అంతా కాదు. "చేయాలి" అంటే చేసి తీరాలి, లేకపోతే ఫ్యాక్టరీ తప్పినట్టే. "చేస్తే మంచిది" అంటే సలహా. "చేయవచ్చు" అంటే నీ ఇష్టం. ఇంటికెళ్ళి చెబితే అత్తగారు వెంటనే అందుకుంది. "వాడితో రోజూ మొత్తుకుంటున్నాను, కాళ్ళు కడుక్కుని రావాలిరా అని. ఇన్నాళ్ళూ వాడు దాన్ని 'వస్తే మంచిది' అని వింటున్నాడన్నమాట!"

మూడో రోజు మధ్యాహ్నం నూట ఎనభై ఏడు వచ్చింది. బృందానికి అధ్యక్షుడు నిచ్చెనలా నిలువెత్తు మనిషి, మర్యాదస్తుడు. "దీనికి లోగడే జవాబిచ్చాం కదా," అన్నాడు మెత్తగా.

నలుసక్క లేచింది. గది ముందుకి నడిచింది. సంచీలోంచి నల్ల గుడ్డ తీసి నేల మీద పరిచింది. దాని మీద నీలం పొడి పల్చగా జల్లింది. సీలు వేసిన సంచీలోంచి కొత్త సూటు తీసి అధ్యక్షుడి చేతికిచ్చింది.

"కాస్త తొడుక్కుంటారా బాబూ? మీరు రాసిన ప్రకారమే."

మేడమ్ తర్జుమా చేసింది. గదంతా గుసగుసలు. ఆయన కోటు విప్పి, బూట్లు విప్పి, సరదాగా గుడ్డ మీదికెక్కాడు. కుడి కాలు బాగానే పోయింది. ఎడమ కాలు దగ్గర కథ అడ్డం తిరిగింది. ఒక గెంతు, రెండు గెంతులు. చేయి గాల్లో ఏదో వెతుక్కుంది, ఏమీ దొరకలేదు. మూడో గెంతుకి బల్ల అంచు పట్టుకున్నాడు. మంచినీళ్ళ సీసా దొర్లి ఎవరి ఒళ్ళోనో పడింది. నవ్వుల్లో గది దద్దరిల్లిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

నలుసక్క ఆయన్ని బొమ్మలా అటూ ఇటూ తిప్పి చూపించింది. సూటు మీద నీలం మరకలు పదకొండు. ఇంకో కొత్త సూటిచ్చి, కుర్చీ లాగి, "ఇప్పుడు కూర్చుని," అంది. ఈసారి మడమ దగ్గర ఒకే ఒక్క మరక, అదీ లేతగా.

ఇక అయిపోయినట్టే అనుకుంది. కానీ బల్ల చివర నుంచి ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. ఏదో చిన్న ద్వీప దేశం నుంచి వచ్చిందామె, వెండి జుట్టు, మూడు రోజులుగా నోరు విప్పలేదు.

"మీరు చెప్పింది నిజం. కళ్ళతో చూశాను. కానీ మా దేశమంతటికీ ఉన్నది ఒకటే మందుల ఫ్యాక్టరీ. మా గది అలమరంత. బల్ల వేస్తే మనిషి పట్టడు. బల్ల ఉండాలని రాస్తే, మేం మూసుకోవాల్సిందే. గోడకి కడ్డీ బిగించుకుని దాన్ని పట్టుకుంటున్నాం."

మేడమ్ తర్జుమా చేసేసి నలుసక్క మొహంలోకి చూసింది. నలుసక్కకి తను చేరిన కొత్తలో ఉన్న పాత గది మనసులో మెదిలింది. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవి. అందులో పనిచేసే ఆడవాళ్ళ మొహాలు కూడా కనిపించాయి. అంతలో అత్తగారి మాట చెవిలో ఖణేల్మంది. బల్లే అవ్వాలని రాసుందా?

"మేడమ్, బల్ల తీసేయమనండి," అంది.

"ఏంటక్కా? అంత కష్టపడి..."

"తీసేయమనండి. నాక్కావలసింది బల్ల కాదు. ఎవరూ ఒంటికాలి మీద ఊగులాడకూడదు, సూటు నేలకి తగలకూడదు. అది మాత్రం 'చేయాలి'లోనే ఉండాలి. బల్లో, కడ్డీయో, అరుగో, ఎవరి గదికి కుదిరింది వాళ్ళు పెట్టుకుంటారు."

టైపు చేసే ఆయన వేళ్ళు టకటకలాడాయి. తెర మీద ఒక్కో మాటా పడుతూ వచ్చింది: "సూటు తొడుక్కునేవారు ఆసరా లేకుండా ఒంటికాలి మీద నిలబడాల్సిన అవసరం రాకుండా ఏర్పాటు చేయాలి." దాని కింద చిన్న అక్షరాల్లో, ఆ ఏర్పాటు బల్ల కావచ్చు, కడ్డీ కావచ్చునని ఒక గమనిక. ఒకాయన "ఒంటికాలి" అన్న మాట మరీ ఇంటి మాటలా ఉందన్నాడు. ద్వీపం పెద్దావిడ, "కాళ్ళు ఇంటివే కదా," అంది. ఆయన చేతులెత్తేశాడు.

"ఇది ఎవరికైనా బొత్తిగా సమ్మతం కాదా?" అని అధ్యక్షుడు అడిగాడు. అందరూ ఔననే తీరాలని అక్కడ నియమం లేదు. గట్టిగా ఎదురుతిరిగే వాళ్ళు మిగలకపోతే చాలు. ఆయన బల్ల చుట్టూ ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. ఎవరూ కదల్లేదు. "సమ్మతమే," అన్నాడు. ముప్పైమంది అరచేతుల్తో బల్ల చరిచారు. నలుసక్కకి కళ్ళు చెమర్చాయి, నవ్వూ ఆగలేదు. పెద్దావిడ లేచొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని తన భాషలో ఏదో అంది. మేడమ్‌కి ఆ భాష రాదు. తర్జుమా అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత రెండు విడతల ఓట్లు, ఏడాదిన్నర ఎదురుచూపు. వాక్యం ఎక్కడ మారిపోతుందోనని ప్రతి విడతకీ నలుసక్క మేడమ్ ప్రాణం తోడేసేది. మారలేదు. చివరికి ప్రమాణం అచ్చయి వచ్చిన రోజు మేడమ్ ఆ పేజీ నకలు తీసిచ్చింది. సాయంత్రం భర్త, అత్తగారు చెరో పక్కా చేరారు.

"నీ పేరేదే?" అంది అత్తగారు, కాగితం తిప్పి వెనక కూడా చూసి.

"ఇందులో ఎవరి పేరూ ఉండదత్తయ్యా."

"మరి 'ఆసరా' అన్న మాట నాది కదా? అదుందా?"

"ఉంది. ఇదిగో, ఇక్కడ."

అత్తగారు ఆ మాట మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. "పేరు లేకపోతే పీడా పోయింది, మాట ఉంది," అని లేచి, పక్కింటివాళ్ళకి చెప్పడానికి వెళ్ళిపోయింది. భర్త ఆ కాగితాన్ని మరలో గోడకి అంటిస్తానన్నాడు. నలుసక్క ససేమిరా అంది. ఆఖరికి రెండో నకలు తెచ్చిచ్చింది.

మరుసటి ఏడు ఆమెని ఇంకో ఊళ్ళో కొత్త ఫ్యాక్టరీకి పంపారు, అక్కడి తుడుపు పని చూసి రమ్మని. సూట్లు తొడుక్కునే గదిలోకి అడుగుపెట్టి, ఆమె నాలుగు గోడలూ పరికించి చూస్తూ నిలబడింది. ఆ గదికి పెద్ద ఒక గుబురుమీసాల ఆయన, రిటైరవడానికి దగ్గర్లో ఉన్నవాడు. వచ్చినామె ఎవరో ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఏమ్మా, అలా నిలబడ్డావేం? ముందు బల్ల మీద కూర్చో. ఇక్కడ ఒంటికాలి విన్యాసాలు కుదరవు."

"ఎందుకండీ?"

"రూలు! ప్రపంచమంతా అదే రూలు. పుస్తకంలో ఉంది."

"ఎవరు పెట్టారండీ ఆ రూలు?"

"ఎవరో పెద్ద పెద్ద నిపుణులు కూర్చుని పెట్టుంటారు. మనకెందుకమ్మా అవన్నీ? చెప్పినట్టు చెయ్యి. నా గదిలో నా మాటే."

"అలాగేనండీ," అని నలుసక్క బుద్ధిగా కూర్చుంది. సూటు గుప్పిట్లో పోగుచేసుకుని, కుడి కాలు, ఎడమ కాలు, తర్వాత చేతులు. ఆయన వంగి అంచులు పరీక్షించి, ఎగాదిగా చూసి, వంక పెట్టడానికేమీ దొరక్క మీసం దువ్వుకున్నాడు.

"బాగా తొడుక్కున్నావే! ఎక్కడ నేర్చుకున్నావు?"

ముసుగులో ఆమె నవ్వు ఆయనకి కనపడలేదు. "మా ఫ్యాక్టరీలోనండీ. ఒక్క మాట చెప్పనా? మీ బల్ల రెండంగుళాలు పొట్టిగా ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లేచేటప్పుడు ఇబ్బంది పడతారు."

ఆయన ఒకసారి బల్లనీ, ఒకసారి తన మోకాళ్ళనీ చూసుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.